దివాను గారి పల్లకీ పాట

నమ్మితే నమ్మండి, వెనకటికి ఒక దివాను ఉండేవాడు. ఆయన పొట్ట ఊళ్ళోకొచ్చిన మర్నాటికి ఆయనొచ్చేవాడు. అంతటి మనిషిని పల్లకీలో మోస్తూ కూడా బోయీలు హాయిగా పాడుకునేవాళ్ళు. అదే ఆయనకి కంటగింపైంది.

"పాడుతున్నారంటే మీకిది సరదా. సరదాకి కూలెందుకురా? ఇవాళ్టి నుంచి సగం గింజలే," అన్నాడు.

"చిత్తం దొరా, ఇక కష్టంగానే మోస్తాం," అన్నాడు పెద్దబోయీ సింగడు.

పాట ఆగింది. పాటకి కలిసి పడే అడుగులు ఎవరివి వాళ్ళవైపోయాయి. పల్లకీ జల్లెడలా ఊగింది. దివాను పళ్ళ టకటకలు పొరుగూరికి వినబడ్డాయి.

"ఏమిట్రా ఈ కుదుపు?" అని మూలిగాడు.

"మా సరదా ఆపామండి. అందులో తమరి వాటా ఇంతుందని మాకూ తెలీదు," అన్నాడు సింగడు.

"పాడండ్రా నాయనా, గింజలు పూర్తిగానే ఇస్తాను."

సింగడు పాటెత్తుకున్నాడు. కాసేపటికి లోపల్నుంచి దివానూ గొంతు కలిపాడు. ఆ గొంతుకి దారి పొడుగునా గేదెలు పాలివ్వడం మానేశాయి గానీ, బోయీల అడుగు మాత్రం తప్పలేదు.