పాపయ్య నక్క బేరం పెట్టిన అడవి

చింతలకోన అడవికి ముందు వాగు, వెనక కొండ, మధ్యలో మోకాలెత్తు పచ్చగడ్డి. అక్కడ పులి అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో ముసలి నెమళ్లకి కూడా గుర్తులేదు. అలాంటి చోట నూకాలు అనే దుప్పి ఆ పొద్దున్నే ఈనింది. పిల్ల ఇంకా నిలబడటానికే తంటాలు పడుతోంది. అంతలో గుంటనక్క పాపయ్య తోక ఊపుకుంటూ వచ్చి ఒక్కో చెట్టునీ తట్టి చూడసాగాడు.

"ఏం పాపయ్యా, ఎన్నడూ లేనిది చెట్లని పలకరిస్తున్నావు?"

"హద్దులు చూసుకుంటున్నా నూకాలూ. ఈ అడవి బేరం పెట్టాను."

"నీదా ఈ అడవి?"

"నీదని మాత్రం ఎక్కడ రాసుంది? వాగవతలి కొండ పులిదొర రేపు చూసుకోడానికి వస్తున్నాడు. ఆయనకి తిండికేం లోటు లేదులే. ఇది ఉత్త సరదా వేటకి."

"మరి మేమో?"

"మీరు లేకపోతే ఈ అడవినెవడు కొంటాడే, పిచ్చిదానా! కొట్టిన ప్రతి జంతువులో ఒక తొడ నాకు. మాట అయిపోయింది."

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే కదూ! నూకాలు పిల్లకి అడ్డంగా నిలబడింది. ఆకలితో వచ్చిన పులి ఒకదాన్ని తిని పడుకుంటుంది. సరదాకి వచ్చిన పులికి కడుపు నిండేదెప్పుడు, వేట ఆగేదెప్పుడు?

కబురు తెలిసి కుందేళ్లూ కణుజులూ వెనక కొండ దాటడానికి బయల్దేరాయి. "నువ్వూ రావే" అన్నాయి. ఎలా వెళ్తుంది? పిల్ల రెండడుగులేస్తే మూడో అడుగుకి పడుతోంది. దాన్ని వదిలి వెళ్లడమన్న మాటే లేదు.

"పోతే మీరు పొండి. ఇది నా బిడ్డ పుట్టిన చోటు, నేను కదలను" అంది నూకాలు. తిన్నగా వాగొడ్డున ఉన్న మద్దిచెట్టు దగ్గరికి నడిచింది. ఆ చెట్టు మొదట్లో పెద్ద చెదలపుట్ట. దానికెదురుగా లొట్టలేస్తూ ఎలుగుబంటి బంగారయ్య.

"బంగారన్నా, ఆ పుట్ట తవ్వుకు తినేముందు దానిమీదెక్కి, చెయ్యి అందినంత ఎత్తున ఈ మానుని గట్టిగా గీకి పెట్టు. కిందెక్కడా గోరు తగలనీకు."

"ఎందుకే చెల్లీ?"

"పులులు తమ హద్దు చెట్లమీద గోళ్లతో గీస్తాయి కదా! గీత ఎంత ఎత్తునుంటే అంత పెద్ద పులి ఉన్నట్టు."

బంగారయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. "ఓసి నీ బుర్ర బంగారం కానూ!"

సాయంత్రానికి గీతలు చెట్టు మీద, పుట్టలో చెదలన్నీ ఆయన పొట్టలో. మిగిలిన మన్నంతా ఆయనే వాగులోకి నెట్టేశాడు, అక్కడ పుట్ట ఉన్న గుర్తే లేదు.

మర్నాడు పాపయ్య పులిదొరని వెంటబెట్టుకుని వాగు దాటాడు.

"చూడండి దొరా! అడుగుపెట్టగానే నీళ్లు. ఏ తగాదా లేని చోటు. వేటకి..."

పులి వినడం లేదు. మద్దిచెట్టుకేసి చూస్తోంది. వెనక కాళ్లమీద లేచి, ఒళ్లంతా సాగదీసి పంజా చాచింది. గీతలకి మూరెడు కిందే ఆగిపోయింది.

"ఒరే, ఇదేంట్రా?"

పాపయ్య తోక ముడిచాడు. "అదా... ఏదో ఎలుగ్గొడ్డు గీకి ఉంటుంది దొరా."

"ఎలుగు చెట్టెక్కితే మొదట్నుంచీ గోళ్లు పడవుట్రా? నాకా చెబుతున్నావు!"

అప్పుడు పొదలోంచి నూకాలు వచ్చింది. తాపీగా నెమరేస్తూ నిలబడింది.

"మెల్లిగా మాట్లాడండి దొరా. మా దొర ఇప్పుడే పడుకున్నారు."

"నన్ను చూసి పారిపోవేం?"

"ఆయన హద్దులో మమ్మల్ని ఇంకెవరు ముట్టుకుంటారు? అన్నట్టు తమరు అవతలి కొండవారు కదూ? మొన్న ఈ పాపయ్యే ఆ కొండ చూపిస్తానని మా దొరని ఊరించాడు. బేరం కుదిరిందా?"

పులి గిరుక్కున తిరిగింది. "నా కొండనే అమ్ముతావుట్రా!"

"అబద్ధం దొరా, నా తల్లి తోడు!" అని పాపయ్య మొత్తుకున్నాడు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు పాపం, ఏం లాభం! పులి ఒక్క ఉరుకు ఉరికింది. నక్క వాగులో పడి, లేచి, దిక్కు తోచక పరుగో పరుగు. తోక బొచ్చు సగం పులి గోళ్లలోనే ఉండిపోయింది. ఆ గీతలు గీసిన పులి నిద్ర లేస్తుందేమోనన్న భయంతో ఆ దొర మళ్లీ ఇటు తొంగి చూడలేదు. పాపయ్యకి ఆ కొండా లేదు, ఈ కోనా లేదు.

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. నువ్వు ఒక్క దెబ్బకి ఇద్దరినీ తన్నావు చెల్లీ!" అంటూ బంగారయ్య పొద వెనకనుంచి గంతులేస్తూ వచ్చాడు. వెళ్లిపోయిన కుందేళ్లూ కణుజులూ సంగతి తెలిసి ఆ సాయంత్రమే తిరిగొచ్చి నూకాలు చుట్టూ చేరాయి. వాళ్ల మధ్యలోంచి పిల్లదుప్పి ఎగిరి గెంతింది, పడింది, లేచి మళ్లీ గెంతింది. ఈసారి పడలేదు. నూకాలు ఆనందం పట్టలేక బిడ్డ ఒళ్లంతా నాకేసింది.

అడవిలో బతికేవాళ్లని అడక్కుండా అడవిని అమ్మబోతే, అమ్మేవాడికే నిలవ నీడ ఉండదు.