పొయ్యి మీద ఆరబెట్టిన ఎడారి

రండర్రా, రండి. చాప మీద అందరికీ చోటుంది, తోసుకోకండి. ఒరేయ్ బుడ్డోడా, గోడకి ఆనుకుంటే నీకు నిద్రొచ్చేస్తుంది, ఇలా నా మోకాలి దగ్గరికి రా. అందరూ ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది. సరేనా?

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎటు చూసినా నీళ్ళే. పేరు చిత్తడిపాలెం. ముందు కాలువ, వెనక ఏరు, పైన వాన. గోడలకి చెమ్మ, గొడుగులకి బూజు. జాడీలో ఉప్పు కూడా ఊరికే నీరు కారిపోయేది. ఉతికిన బట్ట ఆరిందంటే ఇంటిల్లిపాదికీ సంబరమే.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. మీ ఈడుదే. దానికి వాళ్ళ మేనమామ తీర్థంలో ఒక రంగుల పెట్టె కొనిపెట్టాడు. రేకు పెట్టె. లోపల గుండీల్లాగా రంగు బిళ్ళలు, పక్కన ఒక కుంచె. కుంచెని నీళ్ళలో ముంచి బిళ్ళ మీద రుద్దితే రంగు దిగుతుందన్నమాట.

కానీ నూకరత్నం ఒక్కనాడూ రుద్దలేదు. రుద్దితే అరిగిపోతాయని! రోజూ మూత తీసేది, కళ్ళారా చూసుకునేది, మళ్ళీ మూసేసేది.

ఇలా ఉండగా ఒకరోజు ఆ ఊళ్ళోకి ఒంటె వచ్చింది.

దాన్ని నడిపించుకొచ్చినావిడ పేరు ధాపూబాయి. ఆవిడది పడమటి వైపు ఎక్కడో ఎడారి. ఊరూరా తిరుగుతూ, పిల్లల్ని ఒంటె ఎక్కించి తిప్పుతూ బతికేది. తిరగ్గా తిరగ్గా మన భాష కూడా పట్టుబడింది. ఒంటె పేరు లాడో. పిల్లలు ఊరుకుంటారా? ధాపూబాయికి 'ఒంటెత్త' అని పేరు పెట్టేశారు.

ఒంటెత్తది గంటలాంటి గొంతు. లాడోకి మేత వేసే ముందు "హోయ్ లాడో, హోయ్ హోయ్" అంటూ వాళ్ళ భాషలో ఒక పాట ఎత్తుకునేది. ఆ పాట వినపడితేగాని లాడో మేతలో మూతి పెట్టేది కాదు.

నూకరత్నం అది చూసి తెగ నవ్వింది. "నీ ఒంటె అదృష్టమే అదృష్టం అత్తా! నేను తినకపోతే మా అమ్మ పాట పాడదు, గరిటె చూపిస్తుంది" అంది.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఏరు పొంగింది. దారి మునిగిపోయింది. ఒంటెత్త ఎటూ కదలలేక నూకరత్నం వాళ్ళ పశువుల పాకలోనే చిక్కుపడిపోయింది.

రోజులు గడిచేకొద్దీ ఆవిడకి మాట తగ్గింది. ఆ తర్వాత నవ్వు తగ్గింది. ఆ తర్వాత పాట కూడా ఆగిపోయింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, చూరు నుంచి కారే నీళ్ళకేసి చూస్తూ కూర్చునేది. లాడో కూడా బురదలో మోకాళ్ళు మడిచి కూలబడింది. లేవదు. తినదు.

అప్పుడు ఊళ్ళోవాళ్ళు వచ్చారు. ఒకళ్ళు పచ్చగడ్డి తెచ్చారు. ఒకళ్ళు తవుడు తెచ్చారు. ఒకళ్ళు ఏకంగా అరటిగెలే తెచ్చారు. లాడో మూడింటినీ చూసింది, కళ్ళు మూసుకుంది.

"ఇది ఇలాగే పస్తులుంటే దక్కదమ్మా" అన్నారు పెద్దవాళ్ళు.

నూకరత్నం పాకలోకి పరుగెత్తింది. ఒంటెత్త పక్కన చతికిలబడి, "అత్తా, లాడోకి ఏం కావాలి?" అని అడిగింది.

"మా ఎడారి కావాలి బేటీ."

"ఎడారంటే?"

"నీళ్ళు లేని చోటు."

నూకరత్నం నోరు వెళ్ళబెట్టింది. "నీళ్ళు లేని చోటా? మరి కప్పలు ఎక్కడుంటాయి అత్తా?"

ఒంటెత్త పెదాలు కదిలాయి. నవ్వు వచ్చినట్టే వచ్చి, సగంలో ఆగిపోయింది.

నూకరత్నం చాలాసేపు ఆలోచించింది. ఎడారిని ఇక్కడికి తేలేం. బొమ్మ గీసి చూపిస్తేనో? అప్పుడు లోపలికి పరుగెత్తి రంగుల పెట్టె తీసింది. కుంచె తడిపింది. మొట్టమొదటిసారి బిళ్ళ మీద రుద్దింది. నున్నటి బిళ్ళలో చిన్న గుంట పడింది. పిల్ల ప్రాణం ఉసూరుమంది. కానీ బురదలో పడున్న లాడో గుర్తొచ్చింది. మళ్ళీ రుద్దింది.

వాళ్ళమ్మ చూసి, "ఏం గీస్తున్నావే?" అంది.

"నీళ్ళు లేని ఊరు అమ్మా."

"నీళ్ళు లేని ఊరిని నీళ్ళ రంగులతో గీస్తున్నావా? బాగానే ఉంది నీ తెలివి" అని వాళ్ళమ్మ నవ్వుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

నూకరత్నం కింద నేల గీసింది, పైన ఆకాశం గీసింది. ఎడారి అయిపోయింది. కానీ చెయ్యి ఊరుకోలేదర్రా! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ చూసిందే గీసేసింది. ఒక కాలువ. గట్టు మీద రెండు కొబ్బరిచెట్లు. ఒక పడవ. పట్టుకెళ్ళి ఒంటెత్తకి చూపించింది.

"ఈ నీలం గీత ఏమిటి బేటీ?"

"కాలువ."

"ఎడారిలో కాలువా?"

"చిన్నదేలే అత్తా! ఒక పక్కకే వేశాను!"

"ఇంత కాలువ ఉంటే నేను ఇల్లు వదిలి ఎందుకొస్తాను?" అంది ఒంటెత్త.

ఇంతలో లాడో మెడ చాపి, బొమ్మని ఒక్క నాకు నాకింది. కొబ్బరిచెట్టు ఒకటి సగానికి పోయింది. "తింది! తింది!" అని నూకరత్నం గెంతింది. లాడో తుపుక్కున ఉమ్మేసి, ఆకుపచ్చ నాలుక లోపలికి లాక్కుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"చెట్లూ కాదు, నీళ్ళూ కాదు. మరి ఏముంటుంది అత్తా అక్కడ?"

"ఇసుక."

సరే, ఇసుకే కదా. నూకరత్నం పసుపు బిళ్ళ మీద పడింది. కాగితం ఈ చివర నుంచి ఆ చివరికి చిక్కగా పసుపు పూసేసింది. పూసి పూసి బిళ్ళలో పెద్ద గొయ్యి తవ్వింది. అప్పుడు పట్టుకెళ్ళి చూపించింది.

ఒంటెత్త కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "మా ఎడారికి పచ్చకామెర్లు వచ్చాయా బేటీ?" అంది.

"ఇసుక పసుపే కదా!"

"ఎవరు చెప్పారు? పొద్దున్నే అయితే బెల్లంలా ఉంటుంది. సాయంత్రం దానిమ్మ గింజలా ఎర్రబడుతుంది. గాలి కూర్చుని దువ్వెనతో దువ్వినట్టు మీద గీతలు పడతాయి. ఒక దిబ్బ, దాని వెనక ఇంకో దిబ్బ, దాని వెనక ఇంకోటి. మధ్యాహ్నమైతే రంగే ఉండదు. తెలుపు! కళ్ళు తెరవనివ్వదు! పళ్ళెంలో రొట్టె పిండి పొడి ఒలికినట్టు..."

అలా చెప్తూనే ఉంది. ముసురు పట్టాక ఆవిడ అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. నెత్తి మీది కొంగు భుజం మీదికి జారినా చూసుకోలేదు.

నూకరత్నం ఒక్క ఉదుటున ఇంట్లోకి వచ్చింది. తెల్లరంగు కోసం పెట్టెలో వెతికింది. ఎర్ర బిళ్ళ ఉంది, నీలం ఉంది, నల్లది కూడా ఉంది. తెల్లది లేదు! పెట్టె తిరగేసి దులిపింది. లేదు. ఇక లాడో బతకదనుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది.

వాళ్ళమ్మ వచ్చి సంగతి వింది. విని గరిటె నడుముకి ఆనించి, "ఉన్న తెల్ల కాగితమంతా పూసేసి, తెల్లరంగు లేదని ఏడుస్తావేమే పిచ్చిమొహమా? ఎక్కడ తెలుపు కావాలో అక్కడ పూయకుండా వదిలెయ్యరాదూ!" అని కసిరింది.

నూకరత్నం ఏడుపు టక్కున ఆగిపోయింది.

అప్పుడు ఇంకో కాగితం తీసింది. ఈసారి నీళ్ళు ఎక్కువ, రంగు తక్కువ. బెల్లం రంగు కలిపి కింద పల్చగా పూసింది. దానిమ్మ రంగు ఒక పక్కన చిన్నగా తాకించింది. మధ్యలో మాత్రం కుంచె పెట్టలేదు. చెయ్యి దురద పెడుతోంది. ఒక చిన్న పడవ వేద్దామా అనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది.

అంతలో ఇంటికప్పు నుంచి టప్పున ఒక చుక్క రంగులో పడింది! "అయ్యో!" అని నూకరత్నం కాగితం ఎత్తి వంచింది. చుక్క పడ్డచోట రంగు పువ్వులా విచ్చుకుని, నెమ్మదిగా పక్కకి జారి, వంపులు తిరుగుతూ ఆగింది. చూస్తే ఏముంది? ఒక దిబ్బ. దాని వెనక ఇంకో దిబ్బ. గాలి దువ్వినట్టు గీతలు కూడా!

బొమ్మ అయితే వచ్చింది గానీ, ఆ ముసుర్లో ఆరితేనా? ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది.

"ఇలా తే" అంది వాళ్ళమ్మ. కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, అప్పడం కాల్చినట్టు నిప్పుల మీద ఇటు తిప్పింది, అటు తిప్పింది. కాగితం ఫెళఫెళలాడింది. "అయ్యయ్యో, అంచు మాడిందే!" అని నాలిక్కరుచుకుంది.

అప్పుడు నూకరత్నం గోనెసంచి నెత్తిన వేసుకుని, బొమ్మని పొట్టకి హత్తుకుని, వానలో పాకకి పరుగెత్తింది. ఒంటెత్త చేతిలో పెట్టింది.

ఒంటెత్త ముందు బొమ్మ చూడలేదు. కాగితం చెంపకి ఆనించుకుంది. "వేడిగా ఉంది" అంది మెల్లగా. ముక్కుకి ఆనించుకుంది. పొడి వాసన, కాస్త పొగ వాసన. చిత్తడిపాలెం వచ్చాక ఆవిడ చేతికి అంత పొడిగా తగిలిన వస్తువు ఇంకోటి లేదు.

ఆ తర్వాత బొమ్మ చూసింది. రంగు పూయకుండా వదిలేసిన చోట చూపు ఆగింది. నిజంగా ఎండ కొట్టినట్టు ఆవిడ కళ్ళు చిట్లించుకుంది!

"మధ్యాహ్నం బేటీ! ఇది మా ఊరి మధ్యాహ్నం!"

నవ్వింది. ఏడ్చింది. ఆ రెండింటి మధ్యలో, తనకే తెలీకుండా పాట ఎత్తుకుంది. "హోయ్ లాడో, హోయ్ హోయ్..."

లాడో ఒక చెవి లేపింది. ఆ తర్వాత రెండో చెవి. ఆ తర్వాత మెడ. మొదట వెనక కాళ్ళు ఎత్తింది, తర్వాత ముందు కాళ్ళు, ఒళ్ళంతా విదిల్చింది. నూకరత్నం నెత్తి నుంచి కాళ్ళదాకా బురద! పచ్చగడ్డి తినేసింది. తవుడు నాకేసింది. అరటిగెల తొక్కలతో సహా నమిలేసింది.

ఏమర్రా, ఒంటెకి బొమ్మ తెలిసిందా అంటారా? ఒంటెకి బొమ్మలేం తెలుస్తాయి! దానికి తెలిసింది పాట ఒక్కటే. ఎడారి కావలసింది ఒంటెత్తకి. ఆవిడకి ఎడారి దొరికింది, ఒంటెకి పాట దొరికింది.

కొన్నాళ్ళకి ముసురు వదిలింది. ఏరు తగ్గింది, దారి తేలింది. ఒంటెత్త తన ఊరికి ప్రయాణం కట్టింది. నూకరత్నం ఎడారి బొమ్మని చుట్టచుట్టి తెచ్చిచ్చింది.

ఒంటెత్త పుచ్చుకోలేదు. "నేను పోయేది అక్కడికేగా, నాకెందుకిది? మొదట గీశావే, ఆ కాలువ బొమ్మ ఇవ్వు" అంది.

"అది తప్పు బొమ్మ అత్తా! పైగా లాడో నాకేసింది."

"తప్పేమీ కాదు. అది మీ ఊరు. ఇన్ని నీళ్ళున్న ఊరుందంటే మావాళ్ళు చచ్చినా నమ్మరు. చూపించి నమ్మిస్తాను."

నూకరత్నం ఆ బొమ్మ తెచ్చింది. ఇవ్వబోతూ ఆగింది. "ఉండత్తా, ఒకటి మర్చిపోయాను" అని పెట్టె తెరిచింది. బిళ్ళలన్నీ గుంటలు పడి ఉన్నాయి. ఈసారి పిల్ల వాటి వంక చూడనైనా చూడలేదు. ఆకుపచ్చ బిళ్ళ కసకసా రుద్ది, కాలువ గట్టు మీద బుగ్గలు పూరించిన కప్పని ఒకదాన్ని కూర్చోబెట్టింది.

ఒంటెత్త పకపకా నవ్వింది. ఈసారి ఆ నవ్వు సగంలో ఆగలేదు. ఏటి అవతలిదాకా వినపడింది.

అంచు మాడిన ఎడారేమో నూకరత్నం వాళ్ళ పొయ్యి పైన గోడకి అంటుకుని ఉండిపోయింది. ఆ ఊళ్ళో ఎప్పుడూ చెమ్మ ఎక్కని కాగితం అదొక్కటే.

అయిందర్రా, ఇక లేవండి. బుడ్డోడా, కళ్ళు నులుముకోకు, తిన్నాక పడుకుందువుగాని. వినపడుతోందా? అదిగో, మీ అమ్మలు పిలుస్తున్నారు. ఇంకాసేపు కూర్చుంటే గరిటెలు పట్టుకుని వస్తారు. పరుగెత్తండి!

ఒంటె చేరె ఎడారికి,
కప్ప చేరె ఇసుకకి,
కథ చేరె కంచికి,
మీరు చేరండి కంచానికి!