మేకు కొట్టిన పీట

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక ఊరు. చుట్టూ నీళ్ళే. అవతలి గట్టుకి వెళ్ళాలంటే ఊరందరికీ కలిపి ఒక్కటే పడవ. ఊఁ కొడుతున్నావా లేదా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను మరి.

ఆ ఊరికి ఎగువన ఒక రేవు, దిగువన ఒక రేవు. ఎగువ వాళ్ళు వంకాయలూ అరటిగెలలూ పండించేవాళ్ళు. దిగువ వాళ్ళది పాడి. పడవ ఏ రేవులో కడితే ఆ రేవు వాళ్ళే ముందు సంతకి చేరతారు, ముందు బేరం వాళ్ళదే. రెండో వాళ్ళు వెళ్ళేసరికి వంకాయలు వాడిపోవడమో, పాలు విరిగిపోవడమో. మరి తగువులు రావూ?

అందుకని పూర్వం ఎవరో ఒక కట్టుబాటు పెట్టారు. ఊరికి ఏడుగురు పెద్దలు. వరదకి మునగకుండా స్తంభాల మీద చెక్కలు పరిచి కట్టిన సావిడి ఒకటి ఉండేది. పున్నమి పున్నమికీ పెద్దలు ఎవరి పీట వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుని అక్కడ కూర్చోవాలి. ఎగువ పక్షం తూర్పు వరసలో, దిగువ పక్షం పడమటి వరసలో. ఏ వరసలో పీటలు ఎక్కువుంటే పడవ గొలుసు తాళంచెవి ఆ వరస పెద్ద చేతికి, పడవ ఆ వరస రేవుకి. అంతే.

తూర్పున నాలుగు పీటలు, పడమట మూడు. తాళంచెవి తూర్పు వరస పెద్ద పేరయ్య మొలతాడుకి వేలాడుతుండేది. అన్నం తింటూ కూడా తడిమి చూసుకునేవాడు. ఎందుకంటావా? ఒక్క పీట అటు జరిగిందంటే నాలుగు కాస్తా మూడవుతుంది, మూడు కాస్తా నాలుగవుతుంది. పీటకి బరువెంతని? కానీ ఊరంతా అటు ఒరిగిపోతుంది.

ఆ ఏడు పేరయ్య కూతురు చిట్టెమ్మ పురిటికి పుట్టింటికొచ్చింది. తొలిచూలు. ఆసుపత్రేమో అవతలి గట్టున. గోదారికి అప్పుడే వరద ఎర్రనీళ్ళు దిగాయి. నొప్పులొచ్చే వేళకి పడవ నా రేవులో లేకపోతే పిల్ల గతేమిటని పేరయ్యకి ఒకటే గుబులు. తండ్రన్నాక ఆ మాత్రం గుబులు ఉండాల్సిందే. కానీ ఆ గుబులు ముదిరి అనుమానమైంది. అనుమానం పెనుభూతం అన్నారు, ఊరికే అన్నారా?

తన వరసలో ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి చూపు గంటయ్య మీద ఆగింది. గంటయ్య వంకాయ తోట మనిషి, పేరయ్యని వరసకి బావా అంటాడు. ఉన్న మాట మొహం మీదే అనేస్తాడు. అలాంటివాడి మీదే మొదట అనుమానం వస్తుంది, అదేం ఖర్మో.

అప్పుడు ఏమైందంటే, సంతలో దిగువ పక్షం పెద్ద మంగాయమ్మ పాలబిందె ఎత్తలేక నిలబడితే గంటయ్య పట్టి నెత్తికెత్తాడు. పేరయ్య చూశాడు. ఓహో అనుకున్నాడు.

ఆ తర్వాత మంగాయమ్మ ఇంటి నుంచి గంటయ్య ఇంటికి ఒక గిన్నె వెళ్ళింది. పేరయ్య దారికడ్డం వెళ్ళి మరీ వాసన చూశాడు. జున్ను. ఓహోహో అనుకున్నాడు.

ఆ తర్వాత గంటయ్య వసారాలో గోడకి వేలాడే పీట కనబడలేదు. ఆరా తీస్తే దిగువరేవుకి వెళ్ళిందన్నారు. ఇంకేముంది! పేరయ్యకి ముద్ద దిగలేదు.

నిజానికి ఆ పీటకి కాలు ఊగుతోంది. వడ్రంగి వీరాచారి ఉండేది దిగువరేవులో. అక్కడికి కాక ఇంకెక్కడికి వెళ్తుంది? ఆ ముక్క గంటయ్యనే అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అడగలేదు మహానుభావుడు. పేరయ్య భార్య అడగమని పోరింది కూడా. అడిగితే జాగ్రత్త పడిపోతాడే పిచ్చిదానా అని ఆవిడ నోరే మూయించాడు.

పున్నమి వచ్చింది. పొద్దున్నే పేరయ్య వీరాచారిని వెంటేసుకుని వెళ్ళి, బాగుచేసిన ఆ పీటని తూర్పు వరసలో వేయించి, నాలుగు మూలలా మేకులు కొట్టించేశాడు. ఇంక ఎటు పోతుందో చూస్తానన్నాడు. వీరాచారి సుత్తి కింద పెట్టాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

పెద్దలంతా వచ్చారు. గంటయ్య తన పీట దగ్గరికి వచ్చి, వంగి చూశాడు. మేకు తల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది నాకు కొట్టావా బావా, పీటకి కొట్టావా?" అన్నాడు.

పేరయ్య చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. అప్పుడు గంటయ్య పైకండువా దులిపి భుజాన వేసుకుని, తిన్నగా పడమటి వరసకి నడిచి, ఉత్త చెక్కల మీద చతికిలబడ్డాడు.

సావిడంతా గోలగోలైంది. పీట ఇక్కడుందిగా, మాట ఇక్కడిదేనని తూర్పు వాళ్ళు. మనిషి లేని పీట వంటచెరుకుతో సమానమని పడమటి వాళ్ళు. పొద్దు వాలేదాకా వాదించుకుని, చివరికి మనిషికే లెక్క అని తేల్చారు. పేరయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పి మంగాయమ్మ చేతిలో పెట్టాడు పాపం. ఏది జరుగుతుందని భయపడ్డాడో దాన్ని తన చేతులతో తనే చేసుకున్నాడు.

పడవ దిగువరేవుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం తిరక్కుండా, ఒక పొద్దున చిట్టెమ్మకి నొప్పులొచ్చాయి. పేరయ్య బురదలో పడుతూ లేస్తూ మంగాయమ్మ ఇంటికి పరిగెత్తాడు. పిల్లకి నొప్పులమ్మా, పడవ ఇప్పించమని దణ్ణం పెట్టాడు.

మంగాయమ్మ కదల్లేదు. పోయినేడు వరదలో ఆవిడ చూడిగేదెకి జబ్బు చేసింది. పశువుల డాక్టర్ని తెచ్చుకుంటాను, పడవ పంపమంటే, పేరయ్య ఇవ్వలేదు. గేదె వంకతో పడవ లాక్కుంటావని అన్నాడు. గేదె పోయింది, కడుపులో దూడా పోయింది. ఆవిడ ఇప్పుడు ఆ మాటే తిప్పి కొట్టింది. కూతురి వంకతో పడవ ఎగువకి తీసుకెళ్ళి మళ్ళీ గొలుసు వేసుకుంటావని అంది.

అది పేరయ్య మాటే, పేరయ్య గొంతే. అప్పుడు పెరటివైపు చూశాడు. వీరాచారి అక్కడ కూర్చుని గంటయ్య కోసం కొత్త పీట చెక్కుతున్నాడు. పీట పక్కనే నాలుగు కొత్త మేకులు. అవి ఎందుకో పేరయ్యకి ఒకరు చెప్పాలా? ఒకసారి దాటినవాడు మళ్ళీ దాటడని మంగాయమ్మకీ నమ్మకం లేదన్నమాట. తాళంచెవితో పాటు ఆ అనుమానపు జబ్బు కూడా పడవెక్కి దిగువకి వచ్చేసింది.

పీట కొలతకని వచ్చి ఆ పెరట్లోనే కూర్చున్న గంటయ్య ఆ మేకుల్నీ చూశాడు, పేరయ్య మొహాన్నీ చూశాడు. లేచి నిలబడ్డాడు.

"అక్కా, నేను నేల మీద కూర్చునే మనిషిని. ఎటు లేవాలన్నా నాకు పీట అడ్డం రాదు. ఆ తాళంచెవి ఇటిచ్చెయ్."

మంగాయమ్మ ఒక్క క్షణం లెక్క వేసుకుంది, ఇతను లేచి వెళ్తే తన వరసకి మిగిలేది మళ్ళీ మూడే. ఆ తర్వాత తాళంచెవి తీసి గంటయ్య చేతిలో పెట్టింది. గంటయ్యే గడ వేసి, ఎగువరేవులో చిట్టెమ్మని ఎక్కించుకున్నాడు. ఎర్రనీళ్ళలో పడవ గిర్రున తిరుగుతుంటే చిట్టెమ్మ అమ్మా అని అరుస్తోంది, పేరయ్య కూతురి చెయ్యి వదల్లేదు. గట్టు చేరారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, చక్కగా, బొద్దుగా.

మర్నాడు పేరయ్య సావిడికి వెళ్ళి ఆ మేకులు తనే పీకాడు. చేతులు బొబ్బలెక్కాయి. పీటని కండువాతో తుడిచి గంటయ్య ఇంటికి మోసుకెళ్ళాడు. తప్పయిపోయింది గంటయ్యా అన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గంటయ్య పీట అందుకుని, నాలుగు బెజ్జాల మీదా వేలితో రాశాడు.

"మేకులు తీశావు బావా. వీటినేం చేస్తావు?"

తర్వాతి పున్నమికి గంటయ్య ఆ పీటని తూర్పునా వెయ్యలేదు, పడమటా వెయ్యలేదు. సావిడి మధ్యలో వేసుకున్నాడు. ఇటు మూడు, అటు మూడు. తాళంచెవి స్తంభానికి వేలాడదీశారు. అవసరం ఎవరిదైతే పడవ వాళ్ళది. రెండు వరసల వాళ్ళూ అప్పటినుంచీ ఆ పీటకేసి ఓరకంట చూస్తూనే ఉన్నారనుకో. చూడనీ. కళ్ళు మూసుకో నువ్వు.

పీట నడిమికి, పడవ రేవుకి,
మేకు కొలిమికి, జున్ను గిన్నెకి,
అనుమానం గోదారికి, కథ కంచికి,
నువ్వూ నేనూ నిద్దరకి.