మాట్లాడని మధ్యాహ్నం

శిష్యుణ్ణి తిట్టని పూట కొండుభొట్ల గారికి అన్నం అరగదు. ఆయన అరిస్తే మూడు వీధుల అవతల పాలు విరిగేవి, ఉన్నదున్నట్టే రాస్తున్నాను. అలాంటి మనిషి నలభై రోజులుగా శిష్యుడు వైకుంఠాన్ని పల్లెత్తు మాట అనలేదు. అతను వయొలిన్ వాయిస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చుంటారు, పూర్తికాగానే లేచిపోతారు. తొమ్మిదేళ్ళు తిట్లు తిని ఏనుగంత అయిన వైకుంఠం, ఆ నలభై రోజుల్లో కమానంత సన్నబడ్డాడు.

ఆ రోజు కల్యాణి రాగాలాపన మధ్యలో కమాను దింపేశాడు.

"గురువుగారూ, నావల్ల ఏం తప్పు జరిగింది? నన్ను వదిలేశారా? ఆ మాటేదో చెప్పండి, ఇవాళే మా ఊరు పోతాను."

గురువుగారు కళ్ళు తెరిచి, ఆగిన ఆ కమాను వంక చూశారు. తర్వాత ఈ సంగతి చెప్పారు.

ఇటలీలో పుట్టిన ఫ్లావియో అనేవాడు బేస్‌బాల్ ఆడి బతుకుదామని అమెరికా వెళ్ళాడు. వాడి పని బంతి విసరడం. విసిరితే గాలికి చలిజ్వరం వచ్చేదట. చేరిన ఏడాదే, ఒక మధ్యాహ్నం, ఎదుటి జట్టులో ఒక్కడికీ బంతి సరిగ్గా తగలనివ్వలేదు. ఆఖరిదాకా అలా నెగ్గుకొస్తే వాడి పేరు నూరేళ్ళు చెప్పుకుంటారు. అయితే అక్కడొక ఆచారం ఉంది. అలాంటి ఆట సాగుతుండగా విసిరేవాడితో సొంత జట్టువాళ్ళు మాట్లాడరు. మాట్లాడితే దిష్టి తగులుతుందని భయం. అది ఫ్లావియోకు తెలియదు. విసిరే వంతు అయ్యాక వాడొచ్చి బల్ల మీద కూర్చుంటే అందరూ అవతలి కొసకు జరిగారు. వాడి బంతులు పట్టే డానీ, ప్రాణస్నేహితుడు, వాడూ మొహం తిప్పుకున్నాడు. పరాయి దేశంవాణ్ణని వెలేశారనుకున్నాడు ఫ్లావియో. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే చాలు అనగా, 'తిట్టడానికైనా నోరు విప్పుతారు' అనుకుని, పసిపిల్లకు వేసినట్టు మెత్తగా విసిరాడు. ఎదుటివాడి దెబ్బకు ఆ బంతి సముద్రం దాటి ఇటలీలో పడిందంటారు.

అందరూ పరిగెత్తుకొచ్చారు. "ఎంత పని చేశావురా! నీకోసమే కదరా నోరు కట్టుకున్నాం!" అని డానీ భోరుమన్నాడు.

ఫ్లావియో మరో పదకొండేళ్ళు ఆడాడు. అలాంటి మధ్యాహ్నం మళ్ళీ రాలేదు. ఆ పదకొండేళ్ళూ అందరూ వాడితో బాగానే మాట్లాడారు.

వైకుంఠం గబగబా కమాను ఎత్తి తీగల మీద ఆనించాడు. ఆపిన చోటు దొరకలేదు.

"ఇంకెందుకురా," అన్నారు గురువుగారు. "మాట్లాడించావుగా. మళ్ళీ మొదటి పాఠం, సరళీ స్వరాల దగ్గర్నుంచి మొదలెట్టు."