నడిచే కడవలమ్మ

పేరేటిగుట్ట మీద కడవలమ్మ కొలువై ఉన్నది. చంకన కడవతో, కుడిపాదం ముందుకు వేసి నడుస్తున్న అమ్మవారిని చూసి కొత్త భక్తులు ఆశ్చర్యపోతారు. ఆ రూపం వెనుక ఒక ఆడపిల్ల పడిన తపన ఉన్నది.

పూర్వం ఇక్కడ వీరభద్రాచారి అనే శిల్పి ఉండేవాడు. ఆయన కూతురు ముక్తాంబ తండ్రి దగ్గరే ఉలి పట్టి కొలతలన్నీ నేర్చుకున్నది. అయినా చెక్కిన ప్రతి బొమ్మనూ పగలగొట్టేది. "కొలత ఎక్కడ తప్పిందమ్మా?" అని తండ్రి అడిగితే, "ఎక్కడా తప్పలేదు నాన్నా. కానీ కదలడం లేదు" అనేది. ఇంట్లో నిలవలేక చేలగట్ల మీద, ఏటి రేవులో తిరిగేది. నాట్లు వేసే నడుములను, బట్టలు ఉతికే భుజాలను బొగ్గుతో బండలపై గీసేది.

ఒక ఏడు తండ్రికి చూపు మందగించింది. శ్రావణంలో ప్రతిష్ఠించవలసిన అమ్మవారి విగ్రహం చెక్కే పని ముక్తాంబ చేతికి వచ్చింది. ఆమె రెండు రాళ్లు చెక్కి, రెండూ పగలగొట్టింది. మిగిలింది ఒక్క రాయి. గడువు ఇరవై రోజులు. అన్నం సహించలేదు. ఒక మధ్యాహ్నం ఆ రాతికే ఆనుకుని కునుకు తీయగా, కలలో తడిచీరతో ఒక స్త్రీ కడవ చంకనెత్తుకుని వచ్చింది. "ఎంతసేపు నిలబెడతావే నన్ను? నాకు పని ఉంది" అని విసుక్కుని గుట్ట ఎక్కిపోయింది. ముక్తాంబ లేచి ఉలి అందుకున్నది.

పూర్తయిన విగ్రహం చూసి ఊరిపెద్ద గంగిరెడ్డి మండిపడ్డాడు. "అమ్మవారిని నీళ్లు మోసే మనిషిని చేస్తావా?"

వీరభద్రాచారి విగ్రహాన్ని తల నుంచి పాదాల దాకా చేతులతో తడిమాడు. "ఈ నడుము నేను నేర్పింది కాదు" అన్నాడు.

నాట్లు వేసే ఓబులమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. "అది నాది అయ్యగారూ. కడవెత్తితే ఇట్లాగే వంగుతుంది."

ఆ వృద్ధశిల్పి ఆమెకు చేతులు జోడించాడు. "అయితే నా బిడ్డకు నువ్వూ గురువువే తల్లీ."

ఊరి ఆడవాళ్లే మోకులు కట్టి విగ్రహాన్ని గుట్ట మీదికి లాగారు. చివరికి గంగిరెడ్డీ వచ్చి ఒక మోకు పట్టాడు. ప్రతిష్ఠ ముగిసిన మరునాడే ముక్తాంబ మరో రాయి వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

నేటికీ శ్రావణ శుక్రవారాల్లో అమ్మవారికి మొదటి నీళ్లు నాట్లు వేసే స్త్రీలే, పొలం మట్టి కాళ్లతో వచ్చి పోస్తారు. శిల్పులు, చిత్రకారులు తమ తొలి పనిని తెచ్చి అమ్మకు చూపుతారు. మనశ్శాంతి కోరే వాడుక ఈ గుడిలో లేదు. చేతికి ఇంకో పని ఇమ్మని అడుగుతారు. అమ్మ ఇస్తుందని వారి నమ్మకం.