ఆరిళ్ల ఆదివారం

కొండ మీద ఒక బడి ఉంది. నేల కింద నీళ్లెక్కడ దాగున్నాయో కనిపెట్టే విద్య అక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పరు. చదువు ఉచితమే గానీ, తిండి మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి.

అందుకని కొండ కింది ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. దూరం నుంచి వచ్చిన విద్యార్థికి ఒక ఇల్లు సోమవారం అన్నం పెడుతుంది, ఇంకో ఇల్లు మంగళవారం. దాన్ని వారం ఇవ్వడం అనేవారు. అలా ఏడిళ్లు కుదిరితే చదువు సాగినట్టే.

ఒకనాడు బావులు తవ్వేవాడి కూతురు ఆ బడికి వచ్చింది. వాళ్ల నాన్న బతుకంతా తవ్వాడు, సగం గోతుల్లో రాయే తగిలింది. ఎక్కడ తవ్వాలో తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలని ఆ పిల్ల పట్టు.

"అమావాస్యలోగా ఏడు వారాలూ కుదుర్చుకో. ఒక్కటి తగ్గినా ఇంటికి పంపేస్తాను. కాలే కడుపుకి పాఠం ఎక్కదు" అన్నాడు గురువు.

ఆడపిల్ల వారాలడగడం ఆ ఊరికి కొత్త. కొందరు ముసిముసిగా నవ్వారు. అడగందే అమ్మైనా పెట్టదు కదా, ఇందులో సిగ్గేమిటి అనుకుని ఆ పిల్ల తలుపులు తట్టింది. ఎంత గుండె ధైర్యమో చూడండి!

రాజుగారి వంటశాలలో పరీక్ష నెగ్గినవాళ్లకే అన్నం. నెగ్గింది. సాలెవాడు, అన్నం తిన్నాక నూలు కండెలు చుట్టి పెట్టమన్నాడు. సరేనంది. "మా ఇంట్లో కూర ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది, తర్వాత నన్ననొద్దు" అని ముందే చెప్పి మరీ ఒప్పుకుంది కుమ్మరి పెళ్లాం. వైద్యుడూ, పూలమ్మే ఆవిడా, గాజులవాడూ మారుమాట లేకుండా తలో రోజు ఇచ్చారు. ఆదివారం ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటీ అడగడానికి ధాన్యం షావుకారు దగ్గరికి వెళ్లింది.

"ఒక్క వారం నేనివ్వను. ఇస్తే ఏడూ ఇస్తాను, అదీ నెయ్యి వేసి" అన్నాడాయన. "చదువయ్యాక నువ్వు చూపించే నీళ్లన్నీ నా పొలాల్లోనే పడాలి. అంతే."

లోపల్నుంచి నెయ్యి కాగుతున్న వాసన వచ్చింది. ఆ పిల్లకి నోరూరింది, అబద్ధమెందుకు.

"నీళ్లు నా మాట వినవండీ. ఎక్కడుంటే అక్కడే చూపించాలి" అంది.

"అయితే ఆ ఆరు వారాలతోనే అఘోరించు" అని షావుకారు తలుపేసుకున్నాడు.

ఊరి చివర విస్తళ్లు కుట్టే అవ్వ గుడిసె తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆవిడ ఈనెపుల్ల గుచ్చుతూ తలెత్తకుండానే అంతా వింది.

"నేనేం పెడతానే తల్లీ! ఆదివారం విస్తళ్లు కొనేవాళ్లుండరు, నా పొయ్యే వెలగదు. విస్తరి కావాలంటే ఇస్తాను. అందులోకి మెతుకులు నా దగ్గర లేవు."

ఆ పిల్ల కాసేపు గుమ్మంలోనే కూలబడింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"గింజలు నేను తెస్తే వండి పెడతావా అవ్వా? ఇద్దరం తిందాం."

మళ్లీ ఆరిళ్లకీ తిరిగింది. "నాకు పెట్టే అన్నంలో గుప్పెడు తగ్గించి, ఆ గింజలు విడిగా ఇవ్వండి" అంది. ఎవరూ కాదనలేదు. రాజుగారింటి నుంచి సన్నబియ్యం వచ్చాయి, సాలెవాడింటి నుంచి నూకలు, కుమ్మరింటి నుంచి జొన్నలు. గాజులవాడు గుప్పెడు కొలిచి, పైన ఇంకాస్త పోశాడు.

అమావాస్య ఆదివారం నాడే పడింది. అవ్వ గింజలన్నీ ఒకే కుండలో పోసి పొయ్యి రాజేసింది. నూకలు ముద్దయ్యాయి, జొన్నలు ఇంకా పలుకుగానే ఉన్నాయి.

అవ్వ గరిటె తిప్పుతూ పకపకా నవ్వింది. "ఊరంతా ఒకే కుండలో ఉడికితే ఇలాగే ఉంటుంది మరి!"

అప్పుడే గుమ్మంలో గురువు నిలబడ్డాడు.

"ఇవాళ్టి వారం ఎవరిది?"

ఆ పిల్ల కుండ వైపు చూసింది. గింజలు ఆరిళ్లవి. ఏడో ఇల్లు ఏదని చెప్పాలి? చదువు వదిలి, నాన్న తవ్వే రాతిగోతుల దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందేనా అనుకుంది.

"నాదండీ" అంది అవ్వ. ఎప్పుడూ వంగి కుట్టే మనిషి, ఆ మాట నిటారుగా కూచుని అంది. "ఆదివారం మా ఇంట్లో."

గురువు ఆవిడ వంకా, కుండ వంకా చూశాడు. సరే అన్నట్టు తలాడించాడు. పిల్ల ప్రాణం కుదుటపడింది.

ఆయన మాత్రం కదల్లేదు. పొగ కళ్లలో పడుతున్నా అక్కడే నిలబడ్డాడు. అవ్వ ఆయన మొహంలోకి పరీక్షగా చూసి, మెల్లిగా అడిగింది.

"తమరికి ఆదివారం ఎవరింట్లోనయ్యా?"

గురువు గుమ్మం పక్కన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.