గెలిచిన వాదన, తెరుచుకోని సైటు

నూజివీడులో వెబ్‌సైట్లు తయారుచేసే హిమజ అనే అమ్మాయి ఉండేది. పనిలో ఎంత చురుకో, తప్పు తనదని ఒప్పుకోవడంలో అంత మొండి. వాదనకు దిగిందంటే ఎదుటివాళ్ళు దండం పెట్టి తప్పుకోవలసిందే.

అక్కడి మహిళా రైతుల సంఘానికి మామిడిపళ్ళు అమ్మే సైటు చేసిపెట్టింది ఆమే. ఒక వేసవి ఉదయం మూడు వందల పెట్టెల చిన్నరసాలు వ్యానెక్కడానికి సిద్ధమయ్యాయి. ఏ పెట్టె ఎవరికో చెప్పే చిరునామాలన్నీ సైటులోనే ఉన్నాయి. తెరిచి చూస్తే, "డేటాబేస్‌తో కనెక్షన్ కుదరడం లేదు" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు!

"మధ్యాహ్నం రైలు తప్పిందంటే ఇవి రేపటికి పళ్ళు కావు, గుజ్జే," అంది సంఘం పెద్ద నాంచారమ్మ.

హిమజ వెంటనే సర్వర్ కంపెనీకి ఫోన్ చేసింది. అక్కడి ఉద్యోగి ఖాసిం అంతా చూసి, "డేటాబేస్ బాగానే నడుస్తోంది మేడమ్. నిన్న మీరేమైనా మార్చారా?" అని అడిగాడు.

హిమజకు చుర్రుమంది. "అంటే తప్పు నాదంటారా?" అంటూ లేచింది. పోయిన నెల సర్వర్ ఆగిపోయిన సంగతి తవ్వింది. అంతకు ముందు నెలదీ తవ్వింది. గంటసేపు అతన్ని ఊపిరి సలపనివ్వలేదు. చివరికి ఖాసిం, "సరే మేడమ్, తప్పు మాదే అనుకోండి," అని ఫోన్ పెట్టేశాడు.

"చూశారా పిన్నీ, ఒప్పుకున్నాడు!"

"చూశానమ్మా. మరి ఆయన ఒప్పుకున్నాక సైటు తెరుచుకుందా?" అంటూ నాంచారమ్మ మెత్తబడ్డ పండొకటి ఆమె చేతిలో పెట్టింది.

ఖాసిం వేసిన ప్రశ్నే హిమజ ఇప్పుడు తనకు తాను వేసుకుంది. నిన్న ఏం మార్చాను? భద్రత కోసం డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చింది. ఆ కొత్తది సైటు సెట్టింగుల్లో రాయడం మరిచింది. తలుపుకు కొత్త తాళం బిగించి, ఇంట్లోవాళ్ళ చేతిలో పాత తాళంచెవే ఉంచినట్టు!

రెండు నిమిషాల పని. కొత్త పాస్‌వర్డ్ రాయగానే చిరునామాలు బిలబిలా వచ్చి పడ్డాయి. ఆడవాళ్ళంతా పరుగుపరుగున చీటీలు అంటించారు. అయినా వ్యాన్ కదిలే వేళకు నలభై పెట్టెలు మిగిలిపోయాయి.

"వీటితో తాండ్ర పోద్దాం. రసం పిండడానికి నువ్వూ రావాలి," అంది నాంచారమ్మ.

"వస్తాను పిన్నీ. ముందు ఒక్క ఫోన్ చేసుకోనివ్వండి," అని హిమజ నంబరు నొక్కింది. "ఖాసిం గారూ, తప్పు నాదే. మీరడిగిన మొదటి ప్రశ్నకే నేను జవాబు వెతుక్కోవాల్సింది."

నోటితో మనుషుల్ని గెలవచ్చు గాని, పని చక్కబడాలంటే ముందు మన చేతులు చేసిన తప్పును మనమే వెతుక్కోవాలి.